పంగర్‌చుల్లా వసంతకాలపు ట్రెక్: జోషీమఠ్‌లోని ఒక స్థానిక సంస్థ సేవపై సమీక్ష

2025 ఏప్రిల్ రెండో వారంలో మేం ఐదుగురం హైదరాబాద్ నుంచి ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్‌కు వెళ్లి, అక్కడి ఒక చిన్న ట్రెకింగ్ సంస్థ సాయంతో పంగర్‌చుల్లా శిఖరానికి బయలుదేరాం. నేను, నా భార్య, మా బావమరది, మా స్నేహితుల జంట ఒకటి. అందరం నలభై ఏళ్లకు అటూ ఇటూ ఉన్నవాళ్లం, ఇంతకుముందు మంచు లేని కాలంలో రెండు మూడు ట్రెక్‌లు చేసినవాళ్లం. ఈసారి మేం శిఖరం చేరలేదు, దానికి సుమారు రెండు వందల మీటర్ల కిందనే ఆగి వెనుదిరిగాం. అయినా తలా 16,500 రూపాయలు చెల్లించి తీసుకున్న ఆ సేవను మెచ్చుకుంటూనే ఈ సమీక్ష రాస్తున్నాను, ఎందుకంటే మంచు ఎంత ఉంటుందో, ఏ స్థితిలో ఉంటుందో ఎవరూ ముందుగా చెప్పలేని వసంతకాలంలో, కొండ మీదికి తీసుకువెళ్లే సంస్థ నుంచి మనం కొనుక్కునేది శిఖరాన్ని కాదు, సరైన సమయంలో సరైన నిర్ణయం తీసుకునే పద్ధతిని. ఆ పద్ధతి వాళ్ల దగ్గర ఉంది. లోపాలు కూడా ఉన్నాయి, అవీ రాస్తాను. అందుకే నలుగురైదుగురు మనుషులతో నడిచే ఆ సంస్థ పేరు మాత్రం ఇక్కడ రాయడం లేదు.

ముందు ఆ చోటు గురించి కొంచెం చెప్పాలి. బదరీనాథ్ వెళ్లే దారిలో, సుమారు 1,900 మీటర్ల ఎత్తులో ఉన్న ఊరు జోషీమఠ్. అక్కడి నుంచి ఢాక్ గ్రామం వైపు కొంత దూరం వాహనంలో వెళ్లి, గులింగ్, ఖుల్లారా అనే మజిలీల మీదుగా కాలినడకన సాగితే, ఒకవైపు కువారీ కనుమకు, మరోవైపు 4,500 మీటర్లకు పైబడిన పంగర్‌చుల్లాకు దారులు చీలతాయి. కువారీ కనుమ దారిని వైస్రాయి కర్జన్ పేరుతో కర్జన్ ట్రెయిల్ అని కూడా పిలుస్తారు. ఖుల్లారా నుంచి పంగర్‌చుల్లా శిఖరానికి ఒకే రోజులో వెయ్యి మీటర్లకు పైగా ఎక్కి, అంతా మళ్లీ దిగాలి. జూన్‌లో అయితే అది బండరాళ్ల మీద అలుపు పుట్టించే నడక మాత్రమే. ఏప్రిల్‌లో అదే దారి మంచు కప్పుకుని ఉంటుంది కనుక, ఆ మంచు గట్టిగా ఉంటే మెట్లెక్కినట్టు ఎక్కవచ్చు, మెత్తగా ఉంటే ప్రతి అడుగుకీ మోకాలి దాకా దిగబడవచ్చు.

ఈ అనిశ్చితి 2025లో మరీ ఎక్కువగా ఉంది. చలికాలం మొదటి భాగమంతా పొడిగా గడిచింది. హిందూకుష్ హిమాలయ ప్రాంతంలో నేల మీద మంచు నిలిచి ఉండటం సాధారణం కన్నా 23.6 శాతం తక్కువగా నమోదైందని, ఇది 23 ఏళ్లలో కనిష్ఠమని కాఠ్మండులోని పర్వత ప్రాంతాల పరిశోధన సంస్థ ఇసిమోడ్ మేం తిరిగివచ్చిన తరువాత ప్రకటించింది. ఆ లెక్క ఒక్కటే చూసినవారు ఈ ఏడు మంచు పెద్దగా ఉండదనే అనుకుంటారు. కానీ అదే చలికాలం చివర, ఫిబ్రవరి 28న, జోషీమఠ్‌కు ఎగువన బదరీనాథ్ దాటాక వచ్చే మాణా గ్రామం దగ్గర మంచుచరియలు విరిగిపడి సరిహద్దు రహదారుల సంస్థ శిబిరంలోని 54 మంది కార్మికులు చిక్కుకుపోయారు, వారిలో 8 మంది మరణించారు. మంచు తక్కువ కురిసిన ఏడాదిలో కూడా ఆలస్యంగా, ఒక్కసారిగా కురిసే మంచు ఎంత ప్రమాదమో చెప్పడానికి అంతకన్నా దగ్గరి ఉదాహరణ మాకు అక్కరలేకపోయింది. మార్చి, ఏప్రిల్ నెలల్లో పశ్చిమం నుంచి వచ్చే వాతావరణ అలజడులు, అంటే వార్తల్లో మనం వెస్టర్న్ డిస్టర్బెన్స్ అని వినేవి, రెండు మూడు రోజుల్లోనే కొండ స్వరూపాన్ని మార్చేస్తాయి. పాత గట్టి మంచు మీద కొత్త మంచు పడి, గాలికి వాలుల మీద ఒకచోట పోగుపడి, రెంటికీ అతుకు లేకుండా కూర్చుంటుంది.

హైదరాబాద్ నుంచి ఫిబ్రవరి చివరలో మేం నాలుగు సంస్థలను సంప్రదించాం. మూడు సంస్థలు తేదీలు, ధర, బ్యాంకు ఖాతా వివరాలు పంపాయి. నాలుగోది, అంటే ఈ సంస్థ, డబ్బు ప్రస్తావన తేకముందే మమ్మల్ని ప్రశ్నలు అడిగింది: ఎవరెవరు ఎంత ఎత్తు దాకా వెళ్లారు, ఎవరికైనా రక్తపోటు, ఆస్తమా ఉన్నాయా, మంచు మీద ఎప్పుడైనా నడిచారా, తిరుగు విమానానికి ముందు ఎన్ని రోజుల వెసులుబాటు ఉంది. చివరి ప్రశ్నే మమ్మల్ని ఆలోచనలో పడేసింది. మేం ఐదు రోజులకే సెలవు పెట్టుకున్నాం. ఖుల్లారాలో ఒక అదనపు రోజు లేకపోతే శిఖరం కోసం రావద్దని, కువారీ కనుమ వరకు వెళ్లి తృప్తిపడమని యజమాని నిర్మొహమాటంగా చెప్పారు. మేం సెలవు పొడిగించుకున్నాం.

ఆ తరువాత ఆయన మాకు వాట్సాప్‌లో ఒక రిజిస్టరు పేజీ ఫొటో పంపారు. మాకంటే ముందు అటువైపు వెళ్లివచ్చిన ప్రతి బృందం గురించి తేదీ, మంచు ఎక్కడ మొదలైంది, ఎంత లోతు, ఏ వేళకు మెత్తబడింది, ఎక్కడి నుంచి వెనుదిరిగారు అన్న వివరాలు చేతిరాతలో ఉన్నాయి. మార్చి మధ్యలో వెళ్లిన ఒక బృందం గురించి ఉన్న వాక్యానికి అర్థం ఇది: "గులింగ్ పైన అడవిలో తొడల దాకా మంచు, కంచరగాడిదలు ముందుకు రాలేదు." ఈ ఒక్క వాక్యంలో మాకు ఖర్చు లెక్క కూడా దొరికింది. సామాను మోసే కంచరగాడిదలు లోతైన మంచులో నడవలేవు కనుక, మంచు కిందికి దిగివుంటే కూలీలను పెట్టుకోవాలి, అలాంటప్పుడు మనిషికి రోజుకు 1,200 రూపాయలు అదనంగా పడతాయని ముందే రాసిపెట్టారు. ఇంత చిన్న సంగతిని ముందే చెప్పని కారణంగా కొండ మీద జరిగిన వాదనలు నేను చూశాను, అందుకే దీన్ని ప్రత్యేకంగా మెచ్చుకుంటున్నాను.

వాళ్లు తయారుచేసిన ప్రణాళికలో మూడు దారులు ఉన్నాయి. మంచు గట్టిపడితే పంగర్‌చుల్లా. పైన వాలులు నమ్మదగినవిగా లేకపోతే తక్కువ ఎత్తులో ఉన్న కువారీ కనుమ. వాతావరణం పూర్తిగా చెడితే జోషీమఠ్ పైనున్న ఔలీ వరకు వాహనంలో వెళ్లి గోర్సోన్ బుగ్యాల్, అంటే ఎత్తయిన పచ్చిక మైదానం, అంచు దాకా పగటి నడక. (జోషీమఠ్‌లో నేల కుంగి ఇళ్లు బీటలువారిన 2023 జనవరి నుంచి ఔలీ రోప్‌వే ఆగిపోయింది కనుక రోడ్డే దిక్కు.) ఏ దారి ఎప్పుడు ఎంచుకోవాలో నిర్ణయించే అధికారం గైడుదేనని, శిఖరం రోజున ఉదయం తొమ్మిదిన్నర తరువాత ఒక్క అడుగు కూడా పైకి వేయకూడదని, దాని మీద వాదించబోమని మా ఐదుగురి చేత సంతకం చేయించారు. బేస్ క్యాంపులో అలసట, ఆశ కలగలిసి ఉన్నప్పుడు ఎవరూ సరిగా ఆలోచించలేరు; ఆలోచన నడిచే చోట, హైదరాబాద్‌లో ఫ్యాన్ కింద కూర్చుని ఉన్నప్పుడే ఈ మాట ఇచ్చేయడం మంచిదని నాకు అనిపించింది.

సంస్థ మాటనే నమ్ముకోకుండా మా వంతు పరిశీలన కూడా చేసుకున్నాం. మా బావమరదికి ఉపగ్రహ చిత్రాలతో పని చేసిన అనుభవం ఉంది. యూరప్‌వారి సెంటినెల్-2 చిత్రాలు ఐదు రోజులకొకసారి ఉచితంగా దొరుకుతాయి. మామూలు ఫొటోలో మబ్బూ మంచూ రెండూ తెల్లగానే కనిపించినా, కంటికి కనిపించని షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ కిరణాలను మంచు బాగా పీల్చుకుంటుంది, మబ్బు వెనక్కి పంపుతుంది, కనుక ఆ తేడాతో రెంటినీ వేరు చేయవచ్చు. మన హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం కూడా హిమాలయాల మంచు విస్తీర్ణాన్ని ఉపగ్రహాలతో గమనిస్తూ ఉంటుందని, బాలానగర్ మీదుగా ఎన్నో ఏళ్లు తిరిగిన నాకు అప్పుడే తెలిసింది. మార్చి నెలంతా చూస్తే మంచు అంచు ఖుల్లారా వైపు మెల్లగా ఎక్కుతూ వచ్చింది, ఏప్రిల్ మొదట్లో ఒక్కసారిగా మళ్లీ కిందికి దిగింది. అయితే ఉపగ్రహం మంచు ఎంత మేర పరుచుకుందో చెబుతుంది గానీ ఎంత లోతుందో, ఎంత గట్టిగా ఉందో చెప్పదు. దానికి చేతిరాత రిజిస్టరే ఆధారం. వీటితోపాటు డెహ్రాడూన్ వాతావరణ కేంద్రం ఇచ్చే జిల్లావారీ హెచ్చరికలను, చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్‌ఈ విడుదల చేసే మంచుచరియల ప్రమాద సూచనలను బయలుదేరే ముందు వారం రోజుల పాటు చూస్తూ వచ్చాం. ఈ పని ఎవరికైనా గంట కన్నా ఎక్కువ పట్టదు.

అద్దె సామగ్రి విషయంలో సంస్థ మమ్మల్ని నిరాశపరిచింది. బూట్ల కొలతలు ముందే పంపినా నా భార్యకు ఒక సైజు పెద్దవి ఇచ్చారు. బూట్లు వదులుగా ఉంటే దిగేటప్పుడు వేళ్లు ముందుకు గుచ్చుకుని గోళ్లు నల్లబడతాయి, మడమలు బొబ్బలెక్కుతాయి. జోషీమఠ్‌లో ఎత్తుకు అలవాటు పడటానికి కేటాయించిన రోజే సామాను పరీక్షించుకున్నాం కనుక మార్పించుకోగలిగాం. నేరుగా నడక మొదలుపెట్టి ఉంటే ఆ అవకాశం ఉండేది కాదు. బూట్లలోకి మంచు చొరబడకుండా కాళ్లకు చుట్టుకునే ఐదు జతల గేటర్లలో రెండింటికి కింద పట్టీ తెగిపోయి ఉంది, ఒక స్లీపింగ్ బ్యాగ్ జిప్పు సగంలో ఇరుక్కుపోయేది. బూట్లకు తొడిగే మైక్రోస్పైక్స్ మాత్రం కొత్తవి, పళ్లు పదునుగా ఉన్నాయి. ఒక మాట: మైక్రోస్పైక్స్ ఓ మోస్తరు వాలుల మీద జారకుండా కాపాడతాయి, నిటారు గట్టి మంచు మీద అవి చాలవు, అక్కడ బూట్లకు బిగించే పొడవాటి ఇనుప పళ్ల క్రాంపాన్లు, మంచు గొడ్డలి (ఐస్ యాక్స్), వాటిని వాడే శిక్షణ కావాలి. మాకు ఆ శిక్షణ లేదు, అందుకే అలాంటి వాలు వస్తే వెనుదిరగడం తప్ప మరో దారి లేదని గైడు మొదటి రోజే చెప్పారు. కళ్లద్దాల గురించి కూడా ఆయన గట్టిగా పట్టుబట్టారు. కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్లో అత్యధిక భాగాన్ని తిరిగి మన ముఖం మీదికే కొడుతుంది, కనుక పక్కల నుంచి వెలుగు చొరబడని ముదురు అద్దాలు లేకపోతే సాయంత్రానికి కళ్లలో ఇసుక పోసినట్టు మంట పుడుతుంది. మా స్నేహితుడు తెచ్చుకున్న ఫ్యాషన్ అద్దాలను పక్కన పెట్టించి వాళ్లవి ఇచ్చారు.

ఎత్తుకు అలవాటు పడే క్రమం బాగుంది. జోషీమఠ్‌లో రెండు రాత్రులు, గులింగ్‌లో ఒకటి, ఖుల్లారాలో మూడు. పొద్దున, సాయంత్రం పల్స్ ఆక్సీమీటర్‌తో చూసి నోటుబుక్‌లో రాసేవారు, అయితే అంకె కన్నా తలనొప్పి, తిండి సయించకపోవడం, నడకలో తూలడం వంటి లక్షణాలకే విలువ ఇచ్చేవారు. అది సరైన పద్ధతి. ఎత్తు వల్ల వచ్చే అనారోగ్యానికి వాడే డయామాక్స్ మందు గురించి అడిగితే, మీ ఊరి డాక్టరును అడిగి రండి, మేం చెప్పం అన్నారు. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాల్‌లలో రాత్రి బసను నిషేధించింది. దానికి కట్టుబడి గుడారాలను చెట్ల నీడలోనే వేశారు, అటవీశాఖ అనుమతి పత్రాలు మాకు చూపించారు, చెత్తను లెక్కపెట్టి కిందికి మోశారు.

తిండి గురించి రాయకుండా ఉండలేను. కొండ మీద నూడుల్స్‌తో సరిపెట్టేస్తారనుకున్నాం. వంటాయన మొదటి రాత్రే మండువా రొట్టె, గహత్ పప్పు పెట్టారు. మండువా అంటే మన రాగులే, తెలంగాణలో తైదలు, ఉత్తరాంధ్రలో చోళ్లు. గహత్ అంటే ఉలవలు. జఖియా గింజల తాలింపు వేసిన ఆ పప్పు ఒంటికి వేడి చేస్తుందని ఆయన చెబితే, మా ఊళ్లోనూ ఉలవచారు గురించి అదే మాట అంటారని నా భార్య చెప్పింది. అప్పటి నుంచి ఆయన ఆమెను "దీదీ" అని పిలిచి ప్రతి పూటా ఒక రొట్టె ఎక్కువ పెట్టారు. దారిలో అడవి నిండా బురాన్స్ పూలు ఎర్రగా విచ్చుకుని ఉన్నాయి, మంచు మీద రాలిన ఆ రేకుల పక్కన ఆగిపోయి మేమే రెండుసార్లు ఆలస్యం చేశాం.

ఇక అసలు పరీక్ష ఖుల్లారాలో ఎదురైంది. మొదటి సాయంత్రం గైడు మా స్నేహితుడితో, "భైజీ, రాత్రి చుక్కలు కనిపిస్తే వెళ్దాం, కనిపించకపోతే పడుకుందాం," అన్నారు. మాట సాదాగా ఉన్నా దాని వెనుక మొత్తం శాస్త్రం ఉంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి మంచు తన వేడిని పైకి వదిలేసి, పగలు కరిగిన నీటిని మళ్లీ గడ్డకట్టిస్తుంది. తెల్లవారుజామున దాని మీద నడిస్తే నేల మీద నడిచినట్టే ఉంటుంది. మబ్బు పట్టిన రాత్రి ఆ వేడి దుప్పటి కింద ఉన్నట్టు నిలిచిపోతుంది, కనుక గాలి చల్లగా అనిపించినా మంచు గడ్డకట్టదు. ఆ రాత్రి రెండు గంటలకు లేచి చూస్తే ఒక్క చుక్కా లేదు. గైడు గుడారానికి యాభై అడుగుల దూరం వెళ్లి మంచు మీద బూటు మడమతో బలంగా తొక్కారు. పైపొర అప్పడంలా విరిగి కాలు మోకాలి దాకా దిగింది. అలా నాలుగు చోట్ల చూసి వచ్చి, పడుకోమన్నారు. తోటి గుడారాల్లోని మరో బృందం ఆ రాత్రే బయలుదేరి, నాలుగు గంటల తరువాత తడిసిన బూట్లతో తిరిగివచ్చింది.

మేం ఫిబ్రవరిలో సంపాదించుకున్న అదనపు రోజు అలా ఖర్చయింది. ఆ పగలు మమ్మల్ని ఊరికే కూర్చోబెట్టలేదు. చిన్న వాలు మీద బూటు అంచుతో మెట్టు చెక్కుకోవడం, జారితే బోర్లా తిరిగి ఆగడం, ఒకరి అడుగులో ఒకరు వేయడం సాధన చేయించారు. ఎటువైపు వాలులకు దూరంగా నడవాలో చూపించారు. మంచు పలకలుగా విరిగిపడేది ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద కనుక, ఫోన్‌లో వాలు కొలిచే పద్ధతి నేర్పించారు.

రెండో రాత్రి ఆకాశం నిండా చుక్కలు. రెండున్నరకు బయలుదేరాం. మంచు రాయిలా గట్టిపడి, స్పైక్స్ కింద కరకరలాడింది. ఏడున్నర దాటాక కొండగట్టు మీదికి చేరేసరికి ద్రోణగిరి మీద ఎండ పడింది, దాని పక్కగా నందాదేవి తెలుపు కనిపించింది. 7,066 మీటర్ల ఆ ద్రోణగిరిని మనం సంజీవని పర్వతంగా తలుచుకుని దండం పెట్టుకుంటాం. దాని కింద ఉన్న ద్రోణగిరి గ్రామస్థులు మాత్రం తమ కొండను పెళ్లగించుకుపోయాడన్న కినుకతో హనుమంతుణ్ణి పూజించరని గైడు అక్కడే చెప్పారు.

శిఖరం కింది చివరి వాలు దగ్గర ఆయన ఆగారు. పైన గాలి కొత్త మంచును తెచ్చి ఒక పక్కకు పోగుచేసింది. కర్రతో పొడిస్తే పైన ఒక జానెడు మెత్తగా దిగి, తరువాత గట్టి పొర తగిలింది, అడుగు వేసిన చోట నుంచి మూరెడు పొడవున చీలిక సాగింది. సమయం ఎనిమిది యాభై, మేం ఒప్పుకున్న తొమ్మిదిన్నరకు ఇంకా నలభై నిమిషాలు ఉంది. అయినా ఆయన వెనుదిరగమన్నారు. మా బావమరది ఒక్కడే శిఖరం వైపు కొంతసేపు చూస్తూ నిలబడ్డాడు, తరువాత తనే ముందుగా దిగడం మొదలుపెట్టాడు. పదకొండు గంటలకు మేం దాటి వచ్చిన గట్టు మీద మంచు మోకాలి దాకా దిగబడుతోంది, ఎండ తగిలిన వాలుల నుంచి చిన్న చిన్న మంచు ఉండలు దొర్లుకుంటూ కిందికి వస్తున్నాయి. తడిసి బరువెక్కిన మంచు కదలబోతోందని చెప్పే గుర్తులవి. అరగంట ఆలస్యమై ఉంటే వాటి కిందుగా నడవాల్సి వచ్చేది.

లోపాల్లో అద్దె సామగ్రి కన్నా పెద్దది ఒకటుంది. మంచు కింద కూరుకుపోయినవారిని వెతికే పరికరాల్లో వాళ్ల దగ్గర ఒక పార తప్ప, పూడినవారి జాడను రేడియో సంకేతాలతో పట్టిచ్చే ట్రాన్స్‌సీవర్లు, మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీలు (ప్రోబ్‌లు) లేవు. మంచులో పూడిపోయిన మనిషి బతికే అవకాశం తొలి పది, పదిహేను నిమిషాలు దాటాక వేగంగా పడిపోతుంది కనుక, బయటి సాయం వచ్చేదాకా ఆగడం కుదరని పని. ప్రమాదకరమైన వాలుల మీదికే వెళ్లం అన్నది సంస్థ జవాబు. వాళ్లు ఆ మాట మీద నిలబడ్డారు కూడా, అయినా ఏప్రిల్ నెలలో శిఖరాలకు మనుషులను తీసుకువెళ్లేవారు ఆ పరికరాలను తప్పనిసరిగా సమకూర్చుకోవాలని నేను భావిస్తున్నాను. మేం సంతకం చేసిన కాగితం హిందీలో మాత్రమే ఉంది, మా స్నేహితుడి భార్యకు వాక్యం వాక్యం చదివి వినిపించవలసి వచ్చింది. అదనపు రోజుకు తలా 1,800 రూపాయలు పడతాయని నోటిమాటగా చెప్పారు గానీ కాగితంలో రాయలేదు. గొడవేమీ జరగలేదు, అయినా రాసి ఉండాల్సింది.

శిఖరం ఫొటో కోసమే వెళ్లేవారికి నేను ఈ సంస్థను సిఫారసు చేయను, వాళ్లతో వెళ్తే నిరాశపడే అవకాశం ఎక్కువ. మంచును మొదటిసారి చూడబోయేవారు, నలభై దాటినవారు, తిరుగు ప్రయాణానికి కనీసం రెండు రోజుల వెసులుబాటు పెట్టుకోగలవారు నిశ్చింతగా వెళ్లవచ్చు. బూట్లు మాత్రం సొంతవి తీసుకువెళ్లండి, హైదరాబాద్‌లోనే నెల రోజులు వేసుకుని మెత్తబరచుకోండి.

జోషీమఠ్‌కు దిగివచ్చిన సాయంత్రం, లెక్కలు తేల్చే ముందే యజమాని రిజిస్టరు తెరిచి మమ్మల్ని కూర్చోబెట్టారు. మంచు ఎక్కడ మొదలైంది, మొదటి రాత్రి ఎంత దిగబడింది, రెండో రాత్రి ఎన్ని గంటల దాకా గట్టిగా ఉంది, చీలిక ఎంత పొడవున కనిపించింది అని ఒక్కొక్కటే అడిగి రాసుకున్నారు. గైడు చెప్పినదానికీ మేం చెప్పినదానికీ తేడా వచ్చిన చోట రెండూ రాశారు. రెండు రోజుల తరువాత బయలుదేరబోతున్న బృందానికి ఆ పేజీని అప్పుడే ఫొటో తీసి పంపారు.